కానుక సంచిలో మాత్రలు

ఇరవై రెండేళ్ళుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. అది నాది కాదు. ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పమని నాతో పంపిన మాట. మూడు ముక్కలు, అంతే. నేను చేర్చలేదు. చేర్చకపోతే మరిచిపోయానని సరిపెట్టుకోవచ్చు. నేను దాన్ని తిప్పి చెప్పాను. దానికోసం ఎదురుచూస్తున్న మనిషికి సరిగ్గా ఎదురు మాట చెప్పి, వెళ్ళి నా మిషను దగ్గర కూర్చుని పని చేసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మీకెందుకు? మా చర్చి సంఘంలో నన్ను ఎరగనివాళ్ళు లేరు. స్త్రీల సమాజానికి కార్యదర్శిని. ప్రతి ఆదివారం అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాను, నా గొంతే కాస్త గట్టిగా వినబడుతుంది కూడా. అందరూ కలిసి చదివేదాంట్లో నాది ఏదో ఎవరికి తెలుస్తుంది? అందుకే అది చదవడం అంత తేలిక. ఈ వారమంతా బందులు, బస్సులు లేవు, ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. ఖాళీగా కూర్చోవడం నాకు పడదు. పోయిన ఆదివారం జరిగింది మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకు వస్తోంది. అది చివర చెబుతాను. ముందే చెబితే మీరు నన్ను మధ్యలోనే వదిలేస్తారు.

నేను కోస్తా నుంచి పెళ్ళయి సికింద్రాబాదు వచ్చినదాన్ని. పెళ్ళయిన ఏడేళ్ళకి మా ఆయన కామెర్లతో పోయాడు. లాలాగూడలో ఒక గది, బడికెళ్ళే కూతురు, నేను. కార్ఖానా పేటలో ఒక కుట్టు షెడ్డులో పని దొరికింది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే చోటు. ఉగాది దాటిందంటే బడులు తెరిచేదాకా తల ఎత్తే తీరిక ఉండదు. పైన రేకులు, బయట మే నెల.

అక్కడ లైను పద్ధతి. ఒకామె భుజాలు కలుపుతుంది, ఒకామె చేతులు ఎక్కిస్తుంది, ఒకామె కాలర్ వేస్తుంది, ఒకామె కాజాలు, ఒకామె బొత్తాలు. ఆఖరికి నేను చూసి, కట్ట కట్టి లోపలికి పంపాలి. కూలి మనిషికి కాదు, లైనుకి. రోజుకి ఎన్ని చొక్కాలు పూర్తయితే వాటి మీద వచ్చింది ఆరుగురికీ సమంగా. సమానం అంటే వినడానికి ఎంత బాగుందో చూడండి. అసలు సంగతేమిటంటే, ఒక్క మనిషి చెయ్యి నెమ్మదిస్తే తక్కిన ఐదుగురి ఇళ్ళలో ఆ పూట కూర తగ్గుతుంది. సేటు ఎవరినీ ఒక్క మాట అనక్కర్లేదు. మేమే ఒకరినొకరం పీక్కుతినేవాళ్ళం. ఆయన ఫ్యాను కింద కూర్చుని అందరినీ అమ్మా, బేటీ అని పిలిచేవాడు, మంచివాడని పేరు కూడా.

నేను ఆ లైనుకి పెద్దని. కాలర్ వేసేది అంజమ్మ.

మెట్టుగూడ వెనక బస్తీలో ఉండేది. నాకంటే ఏడేళ్ళు చిన్నది. మొగుడు గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు, ఒక రోజు నడుం విరిగి మంచానికి అంటుకుపోయాడు. ఇద్దరు పిల్లలు. కాలర్ అంటే అన్నిటికంటే కష్టమైన పని, రెండు కొనలూ ఒక్క తీరుగా రావాలి. అంజమ్మ కొలవకుండా వేసేది. ఆ పిల్ల నోట్లో పాట ఆగేది కాదు. నాతో ప్రార్థనకి రావడం మొదలుపెట్టింది. నేనే తీసుకొచ్చానని సంఘంలో నాకు మెప్పు. ఇంత చెబుతున్నాను కదా, అది కూడా చెప్పాలి. ఆ మెప్పు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మొగుడు పడిపోయిన ఏడాది ఆమె తలలో ఏదో మారింది. పొద్దున షెడ్డులో కుట్టి, ఇంటికెళ్ళి మళ్ళీ అద్దె మిషను మీద కుట్టేది. ముందు పాట ఆగిపోయింది. తరవాత నిద్ర పోయింది. కళ్ళు మూసుకున్నా చెవుల్లో మిషను తిరుగుతోందనేది. తనలో తాను మాట్లాడుకునేది. ఒక మధ్యాహ్నం, తను వేసిన కాలర్లే, చక్కగా కుదిరినవే, వంకర పోయాయంటూ బ్లేడుతో విప్పడం మొదలుపెట్టింది. నేను కూర్చుని ఒక్కొక్కటీ ఆమె కళ్ళ ముందు పెట్టి చూపించాను. "చక్కగుందా అక్కా? నిజం చెప్పు" అని నా మొహంలోకి చూసేది. ఉందని చెప్తే ఒక ఐదు నిమిషాలు నమ్మేది.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. అది నా మంచితనం కింద రాసుకోవద్దు, కాలర్ వేసే ఇంకో మనిషి నా లైనులో లేదు. రెండు బస్సులు మారి వెళ్ళాం. అక్కడి డాక్టరు ఓపిగ్గా విన్నాడు. వేళకి తినాలి, బాగా పడుకోవాలి, ఏ చీకూచింతా పెట్టుకోకూడదు, కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉండాలి అన్నాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆయన చెప్పినవాటిలో మాత్రలొక్కటే మా చేతికి అందేవి. అవి మాత్రం మానవద్దు, ఎవరు చెప్పినా మానవద్దు అన్నాడు. ఆ మాట నా ఎదుటే అన్నాడు. నేను విన్నాను.

మాత్రలు పనిచేశాయి. రెండు వారాల్లో ఆ పిల్ల నిద్రపోయింది. నెలకి కాలర్లు విప్పడం మానేసింది. ఒక రోజు చిన్నగా పాట కూడా వినబడింది. కానీ చేతులు బరువెక్కాయి. నోరు ఎండిపోయేది, వేళ్ళు వణికేవి, ఒక్క కాలర్‌కి రెండు కాలర్ల సమయం పట్టేది. భుజాలు కలిపిన చొక్కాలు ఆమె పక్కన గుట్ట పడేవి, ఆమె తరవాత కూర్చున్న కాజాలామె ఖాళీగా గోళ్ళు చూసుకునేది. సణుగుడు మొదలైంది. "దాని మంచిగుండుడు మన కడుపు మీదికొచ్చింది" అని ఒకామె నాకు వినబడేలా అంది. సేటు నన్ను పిలిచి, పెద్ద ఆర్డరు వస్తోంది బేటీ, చెయ్యలేకపోతే పక్క లైనుకి ఇస్తాను, నువ్వు అంచులు మడిచే పని చేసుకుందువుగాని అని చల్లగా చెప్పాడు. అంచులు మడిచే పనంటే నేను మొదట చేరిన పని. మళ్ళీ అక్కడికి పోవడమంటే నా కూతురు బడి మానడమే.

నాకు మాత్రం నిద్ర ఉండేదా? లేదు. నన్ను ఎవరు తీసుకెళ్తారు ఆసుపత్రికి? నేను పెద్దని కదా.

ఇక ఆ శుక్రవారం. మాది ఉపవాస ప్రార్థన, పగటిపూట, ఆడవాళ్ళదే. మా పాస్టరు అయ్యగారు ఊళ్ళో లేరు, నేనే నడిపించాను. మా దాంట్లో సాక్ష్యం చెప్పడం ఉంటుంది. దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పాలి. ఒకసారి చెప్పాక అది దేవుడి పేరు మీద పడిన మాట, వెనక్కి తీసుకునేది కాదు. అంజమ్మ ఎప్పుడూ లేవనిది ఆ రోజు లేచింది. నిద్ర లేని నాకు దేవుడు నిద్ర ఇచ్చాడు, పిచ్చి లేస్తున్న నన్ను మనిషిని చేశాడు అని రెండు ముక్కలు చెప్పి కూర్చోబోయింది. అందరూ స్తోత్రం అన్నారు.

అప్పుడు నేను అడిగాను. ఎంతో ప్రేమగా, నవ్వుతూ, అందరి ముందూ. "అయితే ఇక మాత్రలతో పని లేనట్టేనా అంజమ్మా?"

ఎందుకు అడిగాను? విశ్వాసంతోనా? ఇరవై రెండేళ్ళుగా నన్ను నేను ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను, ఒక్కోసారి అవునని చెప్పుకుని పడుకోవాలని చూస్తాను, ఆ క్షణాన నా మనసులో నిజంగా దేవుడే ఉన్నాడేమో అని వెతుకుతాను, వెతికినప్పుడల్లా అక్కడ ఆ పిల్ల పక్కన గుట్టపడిన చొక్కాలే కనబడతాయి. లేదు. దేవుడు లేడు అక్కడ. ఆర్డరు ఉంది.

ఆమె నా వంక చూసింది. చుట్టూ ఇరవైమంది ఆడవాళ్ళు కళ్ళలో నీళ్ళతో చూస్తున్నారు. కాదని ఎలా అంటుంది? తల ఊపింది. కానుక సంచి తిరుగుతోంది అప్పుడు, కర్రకి కట్టిన ఎర్ర ముఖమల్ సంచి. తన దగ్గరికి రాగానే కొంగుముడి విప్పి, మాత్రల కాగితం పొట్లం తీసి అందులో వేసేసింది. కూటం అంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపు అబద్ధం కాదు, అదే నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి.

తరవాత సంచి ఖాళీ చేసేది నేనే. పొట్లం నా చేతికే వచ్చింది. పారేయాలి, లేదా మర్నాడు ఆమెకిచ్చి, పిచ్చిదానా, వేసుకో అనాలి. నేను నా చేతిసంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చుకుని ఏం చేశానో చెప్పమంటారా? మింగాను. రోజుకి సగం ముక్క. దేవుడికని వేసిన మాత్రలు మింగి నిద్రపోయాను. చాలా ఏళ్ళ తరవాత ఒళ్ళు తెలియని నిద్ర. మర్నాడు షెడ్డులో నా చేతులు నా మాట వినలేదు, కట్ట ముడి వేయడానికి మూడుసార్లు పట్టింది. ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఎలా కుట్టిందో నాకు అప్పుడు తెలిసింది. తెలిసింది కదా? అయినా ఊరుకున్నాను. పైగా మేం ఆమెని ఎంత విసుక్కున్నామో తలుచుకుని జాలి పడ్డాను, జాలి పడుతూ మిగిలిన సగం ముక్క దాచుకున్నాను.

మొదటి వారం అంజమ్మ చెయ్యి విమానంలా నడిచింది. లైనంతా సంతోషం. సణిగినామె ఇంటి నుంచి పచ్చడి తెచ్చి ఆమెకి పెట్టింది. రెండో వారం పాట ఆగింది. మూడో వారం, నాలుగింటి చాయ్ వేళ, షెడ్డు వెనక నల్లా దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంటలా కాలుతోంది.

"అక్కా, మల్ల నిద్ర పడ్తలేదు. కండ్లు మూస్తే మిషన్ నడుస్తనే ఉంటది. నాకు బుగులైతాంది."

"ప్రార్థన చేసుకుంటున్నావా?"

"చేస్తనే ఉన్న. ఒక్క గోలి ఏసుకుంటే పాపమా అక్కా? నలుగురిల సాక్ష్యం చెప్పిన గద, మల్ల ఏసుకుంటే దేవుని అబద్ధం చేసినట్టు అయితదేమోనని పరేషాన్ అయితున్న. జెర అయ్యగారిని అడుగవా? నాకు అడగాలంటే సిగ్గయితది. ఆయన వద్దంటే వద్దు. సరే అంటే రేపే పోయి తెచ్చుకుంట."

"అడుగుతాలే. ముందు ఆ కట్ట పూర్తి చెయ్యి."

అడిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక, అయ్యగారు మెట్ల మీద నిలబడి అందరికీ వందనాలు చెబుతున్నప్పుడు. అడగకుండా ఉన్నా సరిపోయేది, కానీ ఆయన కూడా వద్దంటారేమో, అప్పుడు పాపం నా మీద ఉండదని ఒక ఆశ. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. మానేసిందా, ఎవరు మానమన్నారు అన్నారు. "మాత్రలు తప్పకుండా వేసుకోమనమ్మా" అన్నారు. ఒకటికి రెండుసార్లు అన్నారు. వైద్యులని కూడా దేవుడే పంపుతాడని, సాక్ష్యం ఏమీ చెడిపోదని, కావాలంటే తనే వచ్చి చెబుతానని అన్నారు. అక్కర్లేదండి, నేను చెబుతాను అన్నాను.

ఆర్డరు ఇవ్వడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. పన్నెండే కదా అనుకున్నాను. ఈ పన్నెండు రోజులూ లాగేస్తే తరవాత నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను, నేనే బస్సు చార్జీ పెట్టుకుంటాను అనుకున్నాను. సోమవారం పొద్దున నేను ఇంకా చెప్పులు విప్పనేలేదు, ఎదురొచ్చింది.

"అడిగినవా అక్కా?"

"అడిగాను."

"ఏమన్నడు?"

"వద్దన్నారు. సాక్ష్యం చెప్పాక వేసుకుంటే విశ్వాసం లేనట్టే అన్నారు. కొంచెం ఓర్చుకోమన్నారు."

ఆమె మొహంలో ఏదో ఆరిపోయింది. వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే బాగుండేది. "అయ్యగారు అన్నడంటే గట్లనే తియ్యక్కా" అని వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. మిషనుకి దారం ఎక్కించడానికి ఆమెకి ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. చూడకుండా ఉండడానికి అటు తిరిగి కూర్చున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మేమందరం బయట నీడలో అన్నాలు తింటున్నాం. ఆమె ఆకలి లేదని లోపలే ఉంది. తిని వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా మూడు రోజులుగా కుట్టిన చొక్కాల కట్టలు, కట్టలన్నీ విప్పి ఉన్నాయి. ఒక్కొక్క చొక్కా కాలర్ బ్లేడుతో విప్పేసింది. చింపలేదు, ఒక్క గుడ్డా పాడుచేయలేదు. కుట్టు కుట్టూ విప్పి, కాలర్లు ఒక దొంతర, చొక్కాలు ఒక దొంతర, అంచులు కలిపి ఎంతో అందంగా పేర్చింది. వేళ్ళ నిండా రక్తం. గుడ్డకి మాత్రం అంటకుండా చూసుకుంది. నన్ను చూసి, "ఇగ అన్ని చక్కగైనయి అక్కా" అంది. ఆ తరవాత చాలా నెలల వరకూ ఆమె ఎవరితోనూ మాట్లాడలేదని విన్నాను.

ఆమె తమ్ముడొచ్చి ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఆమె వెళ్ళిన గంటకి నేను ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఆమె కుట్టిన సూది చిల్లులు చూసుకుంటూ, ఆ కాలర్లన్నీ నేనే మళ్ళీ వేశాను. ఒక రోజు ఆలస్యంగా ఆర్డరు అందింది. సేటు అందరికీ మిఠాయి పెట్టాడు. ఆ జూన్‌లో మా వీధి పిల్లలు నీలం గళ్ళ చొక్కాలు వేసుకుని బడికెళ్తుంటే నేను వాళ్ళ మొహాలు చూడలేదు, మెడలు చూశాను.

అయ్యగారు నన్ను అడిగారు. నువ్వు చెప్పావు కదమ్మా ఆమెకి, అని. చెప్పానండి, వినలేదు అన్నాను. అలా రెండోసారి. మొదటిదానికి ఆకలి అనీ, కూతురు చదువనీ ఏదో అడ్డం పెట్టుకోవచ్చు. రెండోదానికి ఏం పెట్టుకోను? నెలల తరవాత మాట వచ్చాక, ఆసుపత్రిలో ఎవరు మానమన్నారని అడిగితే, "నేనే మానిన" అందట అంజమ్మ. నా పేరు చెప్పలేదు, అయ్యగారి పేరూ చెప్పలేదు. సంఘంలో మాత్రం, పాపం, చదువు లేని మనిషి, తెలియక చేసిందిలే అని అందరూ జాలి పడ్డారు. నేనూ వాళ్ళతో కలిసి తల ఊపాను. అయ్యగారు పోయి తొమ్మిదేళ్ళు. ఆయన పోయిన రోజు నా ఏడుపులో ఒక మూల ఊరట ఉంది. ఇంతకంటే నీచంగా నా గురించి నేను చెప్పుకోలేను.

అంజమ్మ మళ్ళీ మిషను ముందు కూర్చోలేదు. ఎవరు కూర్చోనిస్తారు? మెంటల్‌ది అనే పేరొకటి మెడకి తగిలించారు. ఇద్దరు పిల్లలూ బడి మానేసి పనుల్లో చేరారు. చాలా ఏళ్ళ నుంచి మా గుడి ఊడుస్తుంది, చాపలు పరుస్తుంది. ఆ పని నేనే ఇప్పించాను. దానికి కూడా నన్ను మెచ్చుకున్నారు.

పోయిన ఆదివారం నేను ఆరాధనకి ముందు చేతులు కడుక్కుందామని గుడి వెనక నల్లా దగ్గరికి వెళ్ళాను. అంజమ్మ అటు తిరిగి నిలబడి ఉంది. నన్ను చూసి గబుక్కున గుప్పిట మూసింది. చిన్న పిల్ల దొంగతనంగా ఏదో తింటూ దొరికిపోయినట్టు ఆ మొహం. గుప్పిట్లో ఏముందో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నేను చూడకుండా వేసుకుంటోంది. డాక్టరు దగ్గర దాచలేదు, ఇంట్లో దాచలేదు. నా దగ్గర దాచింది.

"మాఫ్ చెయ్యక్కా," అంది తల వంచుకుని. "నువ్వు నా కోసం అంత ప్రార్థన చేసినవు. నాకే విశ్వాసం సరిపోలే. నువ్వు చూస్తే బాధ పడ్తవని ఈడికొచ్చి ఏసుకుంట."

అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ ఎవరూ లేరు. మూడు ముక్కలు. నోటి దాకా వచ్చాయి కూడా. నేనేం చేశానో తెలుసా? ఆమె భుజం తట్టాను. "పర్వాలేదులే అంజమ్మా, దేవుడు క్షమిస్తాడు" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి రెండు కళ్ళకీ అద్దుకుంది.

లోపలికెళ్ళి అందరితో కలిసి ఒప్పుకోలు చదివాను.

అందుకే రాస్తున్నాను. ఆమెకి చదువు రాదు. రాయడానికి నాకు ధైర్యం వచ్చిందే అందువల్ల, దాన్ని కూడా దాచను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు, నేను అడగడమూ లేదు. కాకపోతే ఇన్నేళ్ళుగా లోపల కుక్కిన మాట ఒక్కసారైనా సరైన వరసలో బయటికి రావాలి. వచ్చాక గుండెలో కొంచెం గాలి ఆడుతోంది, అంతే, అంతకు మించి ఏమీ లేదు. వచ్చే ఆదివారం బస్సులు తిరిగితే గుడికి వెళ్తాను. ఆమె చాపలు పరుస్తూ ఉంటుంది. చెబుతానో లేదో నాకు తెలియదు. నా సంగతి నాకు తెలుసు కనుక, ముందు ఇక్కడ చెబుతున్నాను.

అంజమ్మా, నేను అయ్యగారిని అడిగాను. మాత్రలు తప్పకుండా వేసుకోమన్నారు.